గోలీలా, పౌడరా, లిక్విడా, ఉప్పు మిషనా: బోరు నీళ్ల పూల్‌కి ఏది నయం

మా బావ ధర్మసాగర్ దిక్కు తోటల ఇల్లు కట్టుకుంటుంటే పిల్లలు లొల్లి పెట్టిన్రని ఒక చిన్న పూల్ సుత కట్టిచ్చిండు, 20 అడుగుల పొడుగు, 10 అడుగుల ఎడల్పు, లోతు ఒక దిక్కు 3 ఇంకో దిక్కు 5. కట్టుడు అయింది, ఫొటోలు దిగుడు అయింది, ఇగ దాన్ని చూసుకునే పని ఎట్ల వచ్చిందో నా మెడకు పడ్డది, ఎందుకంటే బావ ఉండేది హైదరాబాద్‌ల, హన్మకొండల ఉన్నది నేను. "ఏముంది బామ్మర్ది, వారానికి రెండు గోలీలు వేస్తే అయిపాయె" అన్నడు. ఆ రెండు గోలీలే మొదటి ఎండకాలం పూల్‌ని పచ్చి చెర్వు లెక్క చేసినయి, ఆ కథ కిందికి చెప్త. ఇప్పుడు తెలిసినోళ్లు ఎవరు పూల్ కట్టినా నాకే ఫోన్ చేసి ఏ క్లోరిన్ కొనాలె, ఏ ఫిల్టర్ పెట్టాలె, మనిషిని పెట్టాల్నా కాంట్రాక్ట్ ఇయ్యాల్నా అని అడుగుతున్నరు, అందరికీ విడివిడిగ చెప్పి నోరు నొస్తుంది, అందుకే ఒక్కకాడ రాస్తున్న.

ముందుగాల ఒక లెక్క తీసి పెట్టుకోండి, ఇది లేకుంటే ఏది అగ్గువ ఏది పిరం అని చెప్పుడే కుదరదు. పొడుగు, ఎడల్పు, సగటు లోతు అడుగులల్ల గుణిస్తే ఘనపుటడుగులు వస్తయి, దాన్ని 28.3తోటి గుణిస్తే లీటర్లు. మాది 20 ఇంటు 10 ఇంటు 4, అంటే 800, లీటర్లల్ల చూస్తే 22,600 దగ్గర. అంటే మా పూల్‌ల క్లోరిన్ 1 పీపీఎం (లీటర్ నీళ్లల్ల 1 మిల్లీగ్రాం) పెరగాలంటే 22.6 గ్రాముల అసలు క్లోరిన్ పడాలె. ఎండకాలం మా పూల్ రోజుకు 2 పీపీఎం దాకా తింటది, నెలకు 60. ఈ 60 నెంబర్ గుర్తుంచుకోండి, కింద అన్నీ దీని మీదనే లెక్క కడ్త.

రెండోది మీ నీళ్లు. మన దిక్కు అడుగున అంతా రాయే, బోరు నీళ్లు చాలా కాడ ఉప్పగ, గట్టిగ ఉంటయి, కుక్కర్ల తెల్లటి పొర, నల్లాల మూతికి తెల్ల పెచ్చు చూస్తనే ఉన్నం కద, అదే సున్నం పూల్‌ల టైల్స్ మీద కూడా కడ్తది. మా బోరు నీళ్లు ల్యాబ్‌ల చూపిస్తే హార్డ్‌నెస్, అంటే నీళ్లల్ల సున్నం ఎంతుందో చెప్పే నెంబర్, 600 పీపీఎం దాటింది, పూల్‌కేమో 200 నుంచి 400 నడుమ ఉంటే మంచిది అంటరు. ట్యాంకర్ తెప్పిస్తే సాఫ్ట్ వాటర్ వస్తది అనుకునేరు, ట్యాంకరోడు కూడా పక్క ఊరి బోరుకాడనే నింపుతడు. మిషన్ భగీరథ నీళ్లు నదుల నీళ్లు కాబట్టి గింత సున్నం ఉండది, కానీ ఊరోళ్లు తాగే నల్లా నీళ్లు పట్టి పూల్ నింపుడు నాకైతే మనసొప్పలే.

ఇగ ఎండ. ఏప్రిల్, మే నెలల్ల 43, 44 డిగ్రీలు మనకు కొత్త కాదు. స్టెబిలైజర్ లేని నీళ్లల్ల క్లోరిన్ వేసి ఎండకు పెడితే రెండు మూడు గంటల్ల చాలా వరకు ఎగిరిపోతది. ఆ స్టెబిలైజర్ అసలు పేరు సైనూరిక్ యాసిడ్, క్లోరిన్‌కి అది గొడుగు లెక్క. 30 నుంచి 50 పీపీఎం ఉంటే గొడుగు, 100 దాటితే అదే సంకెళ్లు, క్లోరిన్ నీళ్లల్ల ఉంటది గానీ పని చెయ్యదు.

గోలీలు

అందరు మొదలు కొనేది ఇవే, టీసీసీఏ 90 అని డబ్బా మీద రాసుంటది, 200 గ్రాముల గోలి, అండ్ల 90 శాతం క్లోరిన్. తేలే డబ్బాల వేసి వదిలితే మెల్లగ కరుగుతది, నాలుగు రోజులు మనం అటు దిక్కు పోకున్నా నడుస్తది, ఇంత సుఖం ఇంకొకటి ఇయ్యది. ఒక్క గోలి అంటే 180 గ్రాముల క్లోరిన్, మా పూల్‌ల 8 పీపీఎం, అంటే నాలుగు రోజులు. ఇంతవరకు బానే ఉంది.

కానీ ఈ గోలి క్లోరిన్‌తోటి పాటు స్టెబిలైజర్ కూడా మోసుకొస్తది. 10 పీపీఎం క్లోరిన్ పడితే 6 పీపీఎం సైనూరిక్ యాసిడ్ పడ్డట్టే. నెలకు 60 క్లోరిన్ అంటే 36 స్టెబిలైజర్. క్లోరిన్ ఎప్పటికప్పుడు ఖర్చయి పోతది, ఇది మాత్రం ఎండకు పోదు, ఫిల్టర్‌ల ఆగదు, నీళ్లు ఆవిరైనా అడుగున మిగుల్తనే ఉంటది. మార్చిల మొదలుపెట్టి జూన్ దాకా ఉత్త గోలీలే వేసిన, ఇగ మీరే లెక్క కట్టండి.

జూన్ ఆఖర్ల రెండు వానలు పడ్డంక ఒక ఆదివారం పొద్దుగాల పోయి చూస్తే పూల్ అడుగు కనబడ్తలేదు. పాలకూర పప్పు ఉడికిచ్చినట్టుంది. టెస్ట్ చేస్తే క్లోరిన్ 3 చూపిస్తుంది, పీహెచ్ (నీళ్ల పులుపు చెప్పే నెంబర్, ఎంత కిందికైతే అంత పులుపు) 7 కన్న కిందికి, మరి నాచు ఎట్ల పట్టింది? గోలీలు అమ్మినాయనకు ఫోన్ చేస్తే ఇంకో నాలుగు గోలీలు వేయమన్నడు, వేసిన, ఇంకింత పచ్చగ అయింది. చివరికి స్టెబిలైజర్ చూసే టెస్ట్ తెప్పించిన. అది భలే ఉంటది, పూల్ నీళ్లల్ల మందు కలిపితే పాల లెక్క తెల్లగ అయితయి, ఆ నీళ్లని అడుగున నల్లచుక్క ఉన్న సన్నటి గొట్టంల కొద్దికొద్దిగ పోస్తూ పైనుంచి చూడాలె, చుక్క ఎక్కడ మాయమైతే అక్కడి నెంబరే మన స్టెబిలైజర్. నేను గొట్టంల ఇట్ల పోసిన్నో లేదో చుక్క పోయింది, గొట్టంల అన్నిటికన్న కిందున్న 100 గీత దాకా కూడా నీళ్లు రాలే, అంటే 100 పైనే. సగం పూల్ నీళ్లు సగం నల్లా నీళ్లు కలిపి మల్ల చూస్తే 70 వచ్చింది, అంటే అసలు 140. అంత స్టెబిలైజర్‌కి 3 పీపీఎం క్లోరిన్ ఉన్నా లేనట్టే, కనీసం 10 పైన ఉండాలె. దీనికి మందు లేదు, సగం నీళ్లు తీసి పారపోసి కొత్తవి నింపుడొక్కటే, పదకొండు వేల లీటర్లు. ఎండకాలంల బోర్లు ఆగి ఆగి పోసే మన దిక్కు ఇది చిన్న మాట కాదు.

అందుకే గోలీలు వద్దని చెప్తలేను, ఊరికి పోయినప్పుడు, పెండ్లిళ్ల సీజన్ల పది రోజులు ఎవ్వరు లేనప్పుడు వాడండి, రోజువారీ తిండి లెక్క మాత్రం పెట్టకండి. ఇంకోటి, గోలి పులుపు గుణం, పీహెచ్‌ని కిందికి గుంజుతది, స్కిమ్మర్ (నీళ్ల మీది చెత్తను గుంజే గోడ రంధ్రం) బుట్టల గోలి వేసి పంపు బంద్ చేస్తే అక్కడి నీళ్లు పంపు లోపలి లోహాన్ని తింటయి, తేలే డబ్బాలనే వెయ్యాలె.

పౌడర్

పౌడర్ అంటే రెండు రకాలు, రెండింటికీ పేరు ఒకటే చెప్పి అమ్ముతరు కాబట్టి జర చూసుకోవాలె. పంచాయతోళ్లు బావులల్ల, మోరీల పొంట చల్లే బ్లీచింగ్ పౌడర్‌ల క్లోరిన్ 30 శాతం అటు ఇటు, మిగిలిందంతా సున్నమే. అగ్గువకు దొరుకుతది కద అని ఒకసారి వేసి చూసిన, నీళ్లు రెండు రోజులు మజ్జిగ లెక్క ఉన్నయి, అడుగున తెల్ల బురద, అదంతా వాక్యూమ్ పెట్టి తీసేసరికి నడుము పోయింది. పూల్‌కి వాడేది కాల్షియం హైపోక్లోరైట్ అనే రవ్వ లెక్కుండే పొడి, క్లోరిన్ 65 శాతం పైన ఉంటది, మా పూల్‌కి రోజుకు 70 గ్రాములు సరిపోతయి. బకెట్ నీళ్లల్ల కలిపి, తేరినంక పై నీళ్లు పొయ్యాలె, నీళ్లల్ల పౌడర్ వెయ్యాలె గానీ పౌడర్ మీద నీళ్లు పొయ్యొద్దు.

దీంట్ల స్టెబిలైజర్ పెరగదు, సున్నం పెరుగుతది, 10 పీపీఎం క్లోరిన్‌కి 7 పీపీఎం దాకా హార్డ్‌నెస్. నెలకు 42. బోరు నీళ్లోళ్లు పౌడర్ ముట్టొద్దు అని చాలామంది చెప్తరు, నేను కూడా అదే చెప్తుండె. కానీ ఒకసారి కూసొని లెక్క కడితే వేరే సంగతి బయటపడ్డది. ఎండకాలం మా పూల్‌ల నీళ్లు రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైతయి, అంటే దగ్గరదగ్గర 180 లీటర్లు, దాన్ని 600 హార్డ్‌నెస్ ఉన్న బోరు నీళ్లతోటి నింపుతున్నం, ఆవిరయ్యేది ఉత్త నీళ్లు, సున్నం ఆడనే ఉంటది. రోజుకు 4, 5 పీపీఎం, నెలకు 140 పైనే. అంటే పౌడర్ తెచ్చే సున్నం కన్న బోరు తెచ్చే సున్నం మూడింతలు ఎక్కువ, ఇన్ని దినాలు దొంగను ఇంట్ల పెట్టుకొని పక్కింటోన్ని తిట్టినట్టయింది. ఇప్పుడు వానకాలం బంగ్లా మీది పైపును పూల్‌లకు తిప్పినం, మొదటి రెండు వానల మురికి నీళ్లు బయటికి వదిలి తర్వాతి వాననే పడ్తం, పూల్ నిండి పొంగిపోతుంటే పాత గట్టి నీళ్లు కొన్ని ఎల్లిపోతయి, హార్డ్‌నెస్ దానంతట అదే దిగుతది.

మీ బోరు 300 లోపు ఉంటే పౌడర్‌తోటి ఏ ఇబ్బంది లేదు, ఎండకాలం కూడా లిక్విడ్ లెక్క తొందరగ బలం పోదు, లిక్విడ్ కన్న మోసుడు తక్కువ. గట్టి నీళ్లుంటే మాత్రం పీహెచ్ 7.2 నుంచి 7.4 నడుమ, ఆల్కలినిటీ (పీహెచ్‌ని కదలకుండ పట్టి ఉంచే గుణం) 60, 80 పీపీఎం దగ్గర పెట్టుకుంటే సున్నం కట్టుడు తగ్గుతది.

ఇక్కడ ఒక మాట గట్టిగ చెప్పాలె. గోలీల డబ్బాల వాడిన మగ్గు పౌడర్ డబ్బాల పెట్టొద్దు, గోలీలు వేసే తేలే డబ్బాల పౌడర్ అస్సలు పొయ్యొద్దు. రెండూ క్లోరినే కద అనిపిస్తది, కానీ రెండు తడిగ కలిస్తే మంట లేస్తది, పేలినా పేల్తది. మా తోట చూసే కాక తెల్వక అదే మగ్గు ముంచిండు, మగ్గులకెల్లి చుయ్యిమని పొగ లేసింది, అంత పొలంల పారేసి దూరం ఉరికినం, అదృష్టం బాగుండి మగ్గుకు అంటినంతే కలిసింది. యాసిడ్ సీసాలు కూడా క్లోరిన్ రూమ్‌ల పెట్టొద్దు, యాసిడ్ ఏ క్లోరిన్‌తోటి కలిసినా విషపు గాలి వస్తది, ఆ ఆవిరికి పంపు మోటర్ కూడా తుప్పు పడ్తది.

లిక్విడ్

ఇప్పుడు మేం వాడేది ఇదే, సోడియం హైపోక్లోరైట్, క్యాన్లల్ల దొరుకుతది, 10 శాతం అని అమ్ముతరు. నీళ్లల్ల ఇది మిగిల్చేది కొంచెం ఉప్పు, గంతే, స్టెబిలైజర్ లేదు, సున్నం లేదు. మా పూల్‌కి రోజుకు 450 మిల్లీలీటర్లు, పొద్దుగూకినంక పంపు నడుస్తుంటే నీళ్లు పూల్‌లకు వచ్చే రంధ్రం ముందట మెల్లగ పొయ్యాలె, రాత్రంతా ఎండ లేదు కాబట్టి మొత్తం క్లోరిన్ పని చేస్తది. స్టెబిలైజర్ విడిగ ఒకసారి కొని 30, 40కి తెచ్చి వదిలేసినం, మల్ల వానకాలం అయినంక చూస్తం.

దీని రోగం వేరే ఉన్నది. వేడికి బలం పోతది. 40 డిగ్రీల షెడ్డుల పెడితే నెల, నెలన్నర రోజుల్ల సగం అయిపోతది, అంటే క్యాన్ మీద 10 అని రాసి ఉన్నా మీరు పోసేది 5. ఏప్రిల్ల అగ్గువకు వస్తుందని మూడు పెద్ద క్యాన్లు ఒక్కసారే తెచ్చినోళ్లు జూన్ల పోసేది ఉప్పు నీళ్లే. తయారైన తారీఖు అడగండి, చెప్పకుంటే ఇంకో దుకాణం చూడండి, రెండు మూడు వారాలకు సరిపోయేంతనే తెచ్చి నీడల, కింద గచ్చు మీద పెట్టండి. ఇంకోటి, రోజూ పోసే మనిషి కావాలె. ఒక్క రోజు మర్చిపోతే ఏం కాదు, మే నెలల మూడు రోజులు మర్చిపోతే గోడలకు జారుడు మొదలైతది, కాలు పెడితే తెలుస్తది.

రేటు చూసేటప్పుడు కిలో ఎంత, లీటర్ ఎంత అని చూస్తే మోసపోతరు. 100 గ్రాముల అసలు క్లోరిన్ ఎంత పడుతుందో చూడండి: గోలీలు 111 గ్రాములు, పౌడర్ 154 గ్రాములు, లిక్విడ్ ఒక లీటర్. మూడింటికీ మీ దుకాణం రేటు వేసి పక్కపక్కన రాసుకుంటే కథ అర్థమైతది.

ఉప్పు మిషన్

బావకు దీని మీద మస్తు మోజు, హైదరాబాద్‌ల దోస్తు ఇంట్ల చూసిండట, కండ్లు మండవు, వాసన రాదు, ఏం పొయ్యొద్దు అని. కొంత నిజమే. నీళ్లల్ల ఉప్పు 3,200 పీపీఎం దాకా కలిపి పెడితే, పైపుల ఉన్న సెల్ (లోహపు పలకల డబ్బా) కరెంటుతోటి దాన్నే క్లోరిన్ చేస్తది. మా పూల్‌కి మొదటిసారి 72 కిలోల ఉప్పు, అయోడిన్ కలపనిది. అంటే ఉప్పు పూల్ అన్నా అది కూడా క్లోరిన్ పూలే. కండ్లు మండుడు, ముక్కు పగిలే వాసన వచ్చుడు క్లోరిన్ ఎక్కువై కాదు, చెమట, ఉచ్చతోటి కలిసి పాడైన క్లోరిన్‌ది, అంటే తాజా క్లోరిన్ తక్కువ పడ్డట్టు. లిక్విడ్ సరిగ్గ పోసిన పూల్‌ల కూడా వాసన రాదు.

మేం ఎందుకు పెట్టలే అంటే, ఒకటి, సెల్ పలకల మీద సున్నం పేరుకుంటది, 600 హార్డ్‌నెస్‌కి నెలకోసారి ఊడదీసి యాసిడ్ నీళ్లల్ల కడుగుడే, అట్ల కడిగిన కొద్దీ పలకల మీది పూత పోతది, కొన్నేండ్లకు సెల్ మార్చాలె, ఆ మిషన్‌ల పిరమైనది ఆ ముక్కనే. రెండు, మా పూల్ అంచుకు తాండూరు బండ వేసినం, అది సున్నపు రాయి, ఉప్పు నీళ్లు ఇంకి ఎండుతుంటే పొరలు పొరలుగ లేస్తది. కరీంనగర్ గ్రానైట్ వేసుకున్నోళ్లకు ఆ బాధ లేదు. మూడు, బ్యాక్‌వాష్ (ఫిల్టర్‌ని ఉల్టా నీళ్లతోటి కడుగుడు) నీళ్లు మామిడి చెట్లకు పోతుండె, ఉప్పు నీళ్లైతే చెట్లు పోతయి. పంపు నడిచినంత సేపే క్లోరిన్ తయారైతది, పీహెచ్ పైకి పోతనే ఉంటది, యాసిడ్ పోసే పని తప్పది. నీళ్లు మెత్తగ ఉండి, అంచు గ్రానైట్ ఉండి, రోజూ పోసే మనిషి లేకుంటే మాత్రం ఇది పెట్టుకోండి, నేనే చెప్త.

ఫిల్టర్ ముచ్చట

ఇసుక ఫిల్టరా, కార్ట్రిడ్జా (మడతల గుడ్డ ఫిల్టర్) అని అడిగితే తోటల ఇండ్లకు కండ్లు మూసుకొని ఇసుకదే అంట. వరి కోత మిషన్లు తిరిగే రోజులల్ల ఒక్క సాయంత్రం చాలు, నీళ్ల మీద ఊక, దుమ్ము పొర కడ్తది, కార్ట్రిడ్జ్ అయితే అది ఊడదీసి మడత మడత కడుగుడే. ఇసుక ఫిల్టర్‌కి ప్రెషర్ మీటర్ చూసుకుంటే చాలు, శుభ్రంగ ఉన్నప్పుడు ఎంత చూపెట్టిందో మార్కర్‌తోటి గీత కొట్టండి, అక్కడికెల్లి 8, 10 పీఎస్ఐ ఎక్కితే బ్యాక్‌వాష్, రెండు మూడు నిమిషాలు, చిన్న అద్దంల నీళ్లు తేటగ అయ్యేదాకా, ఆ తర్వాత అర నిమిషం రిన్స్. వాల్వ్ తిప్పేముందు పంపు బంద్ చెయ్యాలె, నడుస్తుంటే తిప్పితే లోపల రబ్బర్ చిరుగుతది, ఆ పని చేసి ఒకసారి మెకానిక్‌ని పిలిపించుకున్న. ఒక్క బ్యాక్‌వాష్‌కి 400, 500 లీటర్లు పోతయి, అందుకని వారం అయింది కద అని అలవాటుకు చెయ్యకండి, మీటర్ చెప్తేనే. హన్మకొండ లోపల, చుట్టూ ఇండ్లున్న కాడ, చిన్న పూల్‌కి, నీళ్ల కరువున్న కాలనీలల్ల కార్ట్రిడ్జ్ నయం, ఇసుక కన్న సన్నటి మురికి పడ్తది, నీళ్లు వృథా పోవు.

పంపు ఎంతసేపు అంటే, పూల్ నీళ్లు రోజుకు రెండుసార్లు ఫిల్టర్ తిరగాలె. మా పంపు గంటకు 8 వేల లీటర్ల దాకా తిప్పుతది, ఆరు గంటలు పెడ్తం, మే నెలల ఎనిమిది. ఒక హెచ్‌పీ అంటే ఆరు గంటలకు నాలుగున్నర, ఐదు యూనిట్లు.

చేత్తోటా, రోబోటా, మనిషా

రోబోట్ క్లీనర్ మంచిదే, ఫిల్టర్‌తోటి సంబంధం లేదు, దాని సంచి దానికే ఉంటది. కానీ మా అసలు మురికి నీళ్ల మీద ఉంటది, ఆకులు, రెక్కల పురుగులు, అది జాలి కట్టెతోటి తీసుడే, దానికి రోబోట్ అక్కర లేదు. గోడలకు వారానికి రెండుసార్లు బ్రష్, వారానికోసారి చేతి వాక్యూమ్, చిన్న పూల్‌కి ముప్పావు గంట పని. 50 అడుగుల పూల్ ఉన్నోళ్లు రోబోట్ కొనుక్కోండి. అన్నట్టు, తోటల ఇల్లైతే స్కిమ్మర్ మూత చేత్తోటి తియ్యకండి, కట్టెతోటి లేపండి, వానకాలం మాకు బుట్టల కప్పలు వస్తయి, రెండుసార్లు కప్ప కోసం వచ్చిన పాము కూడా.

కాంట్రాక్ట్ ఇచ్చుడా మనిషిని పెట్టుడా అనేది పైసల కన్న ఎక్కువ దూరం సంగతి. వారానికి రెండుసార్లు వచ్చేటోళ్లు నడుమ రోజులు పూల్‌ని నిలబెట్టాలంటే గోలీలు దండిగ వేసి పోవుడు తప్ప ఇంకో దారి లేదు, అంటే మల్ల పైన చెప్పిన 140 కథనే. మేం చేసింది ఏందంటే రోజూ లిక్విడ్ పోసుడు, జాలి కొట్టుడు కాకకు నేర్పిచ్చినం, నెలకొకసారి తెలిసిన మనిషి వచ్చి పంపు, వాల్వ్, అన్ని టెస్టులు చూసిపోతడు. కాంట్రాక్టే ఇస్తమంటే పోయిన ప్రతిసారి క్లోరిన్, పీహెచ్ ఎంత వచ్చింది, ఏం వేసిన్రు అని పంపు రూమ్‌ల నోట్‌బుక్కుల రాయాలని మొదలే చెప్పండి, నెలకోసారి స్టెబిలైజర్ నెంబర్ కూడా.

టెస్ట్ కిట్ల పసుపు రంగొచ్చే చుక్కల మందు మొత్తం క్లోరిన్‌ని చూపెడ్తది, పాడైనది, మంచిది రెండు కలిపి. గులాబీ రంగొచ్చేది కొనండి, డీపీడీ అంటరు, అది పనిచేసే క్లోరిన్‌ని విడిగ చూపిస్తది. దీంట్ల ఒక తిరకాసు ఉన్నది, క్లోరిన్ మరీ ఎక్కువుంటే గులాబీ ఇట్ల వచ్చి అట్ల తెల్లబడిపోతది, చూసేటోడు సున్నా అనుకొని ఇంకింత పోస్తడు. అనుమానం ఉంటే పూల్ నీళ్లు ఒక వంతు, తాగే ప్లాస్టిక్ క్యాన్ నీళ్లు నాలుగు వంతులు కలిపి చూసి ఐదుతోటి గుణించండి. నీళ్లల్ల ముంచి చూసే స్ట్రిప్పులు ఎండల కార్ల పెడితే ఖరాబైతయి, అంత నమ్మకం లేదు.

నాచు పట్టినప్పుడు ఊర్లె పెద్దమనుషులు చెప్పే మందు ఒకటుంటది, మైలుతుత్తం. పొలానికి కొట్టేదే, చెర్వులల్ల వేస్తే నాచు చచ్చింది కద అంటరు. నాచు చస్తది నిజమే, క్రిములు చావవు, రాగి గోడలకు పట్టి మరకలైతయి, తెల్ల జుట్టోళ్లు దిగితే జుట్టు పచ్చబడ్తది. మా నాయన దిగుతడు కాబట్టి మేం ముట్టలే. పటిక మాత్రం పనికొస్తది, వానకు మట్టి నీళ్లు పడి ఫిల్టర్‌కి చిక్కకుంటే రాత్రి పటిక కలిపి పంపు బంద్ పెడ్తె పొద్దుగాల వరకు మట్టంతా అడుగుకు దిగుతది, దాన్ని ఫిల్టర్‌లకు కాకుండ వేస్ట్ పైపులకు వాక్యూమ్ చెయ్యాలె. పీహెచ్, ఆల్కలినిటీ కొంచెం పడ్తయి, తినే సోడా వేస్తే లేస్తయి.

ఇంకోటి, కడిగి నింపుదం అని వానకాలంల పూల్ మొత్తం ఖాళీ చెయ్యకండి. చెర్వు నిండి, పక్క బావిల నీళ్లు పైకొచ్చి ఉన్నప్పుడు భూమిల నీళ్లు ఖాళీ పూల్‌ని కిందికెల్లి నూకుతయి, అడుగు పగుల్తది, ఫైబర్ పూల్ అయితే పైకే లేస్తది. ఆ పని ఏదన్నా ఉంటే ఏప్రిల్ల, అదీ సగం సగం.

పైన కప్పే దానికి కూడా అడుగుతున్నరు, నీలం బుడగల షీటా, వలనా అని. బుడగల షీట్ నీళ్లను వెచ్చగ పెట్టేటందుకు, మనకు మే నెలల పూల్ నీళ్లే వేడివేడిగ ఉంటయి, నాచుకు అదే పండుగ. చలికాలంల వేస్తే ఆవిరి మాత్రం బాగ ఆగుతది. వల అయితే ఏడాదంతా, చింతాకు లెక్క సన్నటి ఆకులు పడేకాడ సన్న కండ్లది తీసుకోండి, అంచులకు కొక్కాలు గట్టిగ ఉండాలె, నాలుగు దిక్కుల గుంజి కట్టినంక పిల్లగాడు మీద పడ్డా నీళ్లల్లకు కుంగకుండ ఉంటేనే అది వల, లేకుంటే ఆకులకు తప్ప దేనికీ పనికిరాదు. ఆకుల వలను నమ్మి మేమైతే గేటు తీసెయ్యలే, పూల్ చుట్టూ నాలుగడుగుల జాలి, పైన గొళ్లెం ఇప్పటికీ ఉన్నయి.